ఫ్రెండ్‌తో కలిసి ట్రాక్ చేయాలంటే: ముందు పద్ధతి తేల్చుకోండి, సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత

నేనూ నా ఫ్రెండూ కలిసి చేసిన మొదటి ట్రాక్ మొదటి ఐదారు సెకన్లు అదిరిపోయింది. నిమిషం తిరిగేసరికి వాడి బాస్ (కింది స్వరాల వాయిద్యం) నా కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ) కంటే సగం బీటు ముందు పరిగెడుతోంది, మూడో నిమిషానికి ఎవరి గోల వాళ్లది. ప్లగిన్ల (సాఫ్ట్‌వేర్‌లో తగిలించుకునే వాయిద్యాలు, ఎఫెక్టులు) మీద, ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్లోకి సౌండ్ పంపే పెట్టె) మీద, చివరికి ఒకళ్ల మీద ఒకళ్లం గంటసేపు అనుమానపడ్డాక తేలిందేంటంటే, నా దగ్గర టెంపో 120, వాడు నా బీట్ వింటూ ట్యాప్ బటన్ నొక్కి పెట్టుకున్న టెంపో 120.5. అర బీపీఎం, అంటే నిమిషానికి అర బీటు తేడా, అంతే. నాలుగు నిమిషాల ట్రాక్‌లో ఆ అర కాస్తా ఒక సెకను అవుతుంది, అంటే రెండు బీట్లు. ఇందులో ఏ సాఫ్ట్‌వేర్ తప్పూ లేదు. ఎలా పనిచేయాలో ముందు అనుకోకుండా "నువ్వేం వాడుతున్నావ్, నేనేం వాడుతున్నా" దగ్గర మొదలెట్టాం, దాని ఫలితం అది.

అందుకే ఇప్పుడు ఎవరైనా "ఇద్దరం కలిసి ఎలక్ట్రానిక్ మ్యూజిక్ చేద్దామనుకుంటున్నాం, ఏది తీసుకోమంటావు" అంటే నేను పేరు చెప్పను, ఎదురు ప్రశ్నలు వేస్తాను. ఇద్దరూ ఒకే గదిలో కూర్చోగలరా? కూర్చోలేకపోతే, ఒకే టైముకి ఆన్‌లైన్‌లోకి రావాల్సిన అవసరం నిజంగా ఉందా, వంతులవారీగా చేసుకుంటే సరిపోదా? ఇద్దరి కంప్యూటర్లూ ఒకే రకమా? వీటికి జవాబులొచ్చేస్తే సాఫ్ట్‌వేర్ దాదాపు దానంతటదే తేలిపోతుంది. కంప్యూటర్లో సంగీతం కూర్చి రికార్డ్ చేసే ఈ సాఫ్ట్‌వేర్లని డీఏడబ్ల్యూలు (డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్లు) అంటారు, మాటల్లో 'డా' అనేస్తారు, నేను మాత్రం ఇక్కడ సాఫ్ట్‌వేర్ అనే రాస్తాను.

ఒకే గదిలో కూర్చోగలిగితే

అదృష్టవంతులు. ఒకే కంప్యూటరు, రెండు కుర్చీలు. టెక్నికల్‌గా ఏ తలనొప్పీ ఉండదు, ఎవరి కంప్యూటరు గట్టిదైతే దాంట్లో ఉన్న సాఫ్ట్‌వేరే మీ ఇద్దరి సాఫ్ట్‌వేర్. అసలు గొడవ మౌస్ దగ్గర వస్తుంది. మౌస్ ఎవరి చేతిలో ఉంటే ట్రాక్ వాళ్లది అయిపోతుంది, అరగంట గడిచేసరికి రెండోవాళ్లు ఫోన్ చూసుకుంటుంటారు. మేం పెట్టుకున్న ఏర్పాటు: ఇరవై నిమిషాలకి అలారం, అలారం మోగితే మౌస్ చేతులు మారాలి, కిక్ సౌండ్ వెతకడం సగంలో ఉన్నా సరే. మౌస్ లేనివాళ్ల ముందు కంప్యూటరుకి తగిలించే ఇరవై అయిదు మీటల చిన్న మిడి కీబోర్డు ఒకటి ఉంటే వాళ్లూ ఖాళీగా ఉండరు, ఏదో ఒకటి వాయిస్తూ ఉంటారు, అందులోంచే ఒక్కోసారి పాట పుడుతుంది.

బ్లూటూత్ హెడ్‌ఫోన్లు మాత్రం పక్కన పెట్టేయండి. వాటిలో శబ్దం వంద, రెండొందల మిల్లీసెకన్లు ఆలస్యంగా రావడం మామూలే. పాటలు వినడానికి ఆ ఆలస్యం తెలియదు గానీ మీట నొక్కి సౌండ్ కోసం చూస్తుంటే మాత్రం పిచ్చెక్కుతుంది. వైరున్న హెడ్‌ఫోన్లు రెండు, జాక్ ఒక్కటే ఉంటే ఒక స్ప్లిట్టరు, పని అయిపోయింది.

ఇద్దరి దగ్గరా ల్యాప్‌టాప్‌లుంటే ఏబుల్టన్ లింక్ అని ఒక మంచి సౌకర్యం ఉంది, 2016లో వచ్చింది. రెండు కంప్యూటర్లూ ఒకే నెట్‌వర్క్ మీద ఉంటే చాలు, టెంపో, బీటు రెండింట్లో కలిసిపోతాయి, ఒకళ్లు టెంపో మారిస్తే రెండోవాళ్లదీ మారుతుంది. ఏబుల్టన్ లైవ్‌లోనే కాదు, బిట్‌విగ్‌లోనూ, చాలా ఫోన్ యాప్‌లలోనూ ఉంది. ఒకళ్లు డ్రమ్స్, ఒకళ్లు సింథ్ (ఎలక్ట్రానిక్ సౌండ్లు పుట్టించే వాయిద్యం) తీసుకుని గంటసేపు ఆపకుండా వాయించుకోవడానికి దీన్ని మించింది నాకు కనబడలేదు. రికార్డింగ్ ఎలా అన్నది మాత్రం ముందే ఆలోచించుకోండి. ఒక ల్యాప్‌టాప్ అవుట్‌పుట్ వైరుని రెండోదాని ఇంటర్‌ఫేస్‌లో గుచ్చి రికార్డ్ నొక్కి వదిలేయడమే తేలిక. మేం ఒకసారి రెండు గంటలు వాయించి, రికార్డ్ ఎవరు నొక్కారని ఒకళ్ల మొహాలొకళ్లం చూసుకున్నాం.

దూరంగా ఉన్నా ఒకే టైముకి వాయించాలనుకుంటే

చాలామంది ముందు ఇదే కోరుకుంటారు, ఎక్కువమంది దెబ్బతినేదీ ఇక్కడే. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది, అంటే ఒక మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు. మూడు మీటర్ల దూరంలో కూర్చున్న మనిషి వాయించింది మీ చెవికి చేరడానికి తొమ్మిది మిల్లీసెకన్లు పడుతుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆలస్యం 25, 30 మిల్లీసెకన్లు దాటితే మాత్రం లయ జారడం మొదలవుతుంది, ఒకళ్ల కోసం ఒకళ్లు ఆగుతూ ఇద్దరూ నెమ్మదైపోతారు. ఫైబర్‌లో వెలుగు మిల్లీసెకనుకి దాదాపు 200 కిలోమీటర్లు పోతుంది కాబట్టి వెయ్యి కిలోమీటర్ల దూరానికి లెక్క ప్రకారం ఐదు మిల్లీసెకన్లే. కానీ రెండు వైపులా సౌండ్ బఫర్లు, అంటే కంప్యూటరు సౌండ్‌ని కాసేపు పోగుచేసుకునే చోట్లు (48 కిలోహెర్ట్జ్ దగ్గర 256 శాంపిల్స్ పెడితే ఒక్కోటీ ఐదు మిల్లీసెకన్లకి పైనే), మధ్యలో రౌటర్లు, వైఫై, అన్నీ కలిసి ఆ లెక్కని ముంచేస్తాయి.

దీనికోసమే చేసిన ఉచిత ప్రోగ్రాములున్నాయి: జామ్యులస్, సోనోబస్, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పుట్టిన జాక్‌ట్రిప్. ఇద్దరూ మరీ దూరం కాకుండా, వైఫై మానేసి కేబుల్ పెట్టుకుంటే ఇవి బాగానే పనిచేస్తాయి. ఇంకో దారి నింజామ్, రీపర్ చేసినవాళ్లదే, 2005 నాటిది. ఇందులో మందు తమాషాగా ఉంటుంది. ఆలస్యాన్ని తగ్గించడం మానేసి పూర్తిగా పెంచేశారు. పదహారు బీట్ల విరామం పెట్టుకుంటే, మీరిప్పుడు వాయిస్తున్నదానికి తోడుగా మీకు వినిపించేది మీ ఫ్రెండ్ కిందటి పదహారు బీట్లలో వాయించింది. 120 టెంపోలో ఎనిమిది సెకన్ల పాత సంగతన్నమాట. రాగాలాపనలకి పనికిరాదు గానీ, ఒకే స్వరాల వరుస మీద లూపులు (మళ్లీ మళ్లీ తిరిగే ముక్కలు) తిరిగే సంగీతానికి ఇబ్బందే ఉండదు. రీపర్‌లో దీని ప్లగిన్ ఉంటుంది.

అయినా అసలు ప్రశ్న ఒకటి ఉంది. డ్రమ్స్ మౌస్‌తో గళ్లలో పెడుతున్నప్పుడు, బాస్ పియానో రోల్‌లో (నోట్లు గీసుకునే పట్టికలో) గీస్తున్నప్పుడు ఇద్దరూ ఒకే క్షణంలో వాయించాల్సిన పనేముంది? గిటారు, తబలా అయితే వేరే మాట. నా మటుకు ఒకే టైముకి వాయించడం జామ్ సరదాకే. కలిసి కూర్చున్నట్టు ఉండాలంటే వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేసి మాట్లాడుకుంటే చాలు, కాకపోతే కాల్ సెట్టింగ్స్‌లో నాయిస్ తగ్గించే ఆప్షన్ ఆపేయండి. లేకపోతే మీరెంతో కష్టపడి చేసిన ప్యాడ్‌ని (వెనకాల నెమ్మదిగా సాగే సింథ్ సౌండ్‌ని) అది ఫ్యాన్ చప్పుడనుకుని మింగేస్తుంది. మావాడు "ప్యాడ్ ఎక్కడుందిరా" అని మూడుసార్లు అడిగాక గానీ నాకు వెలగలేదు.

బ్రౌజర్‌లో చేసేవి

సౌండ్‌ట్రాప్, బ్యాండ్‌ల్యాబ్. రెండిటికీ ఇన్‌స్టాల్ గోల లేదు, కంప్యూటరు ఏదైనా ఒకటే, ఫోన్లో కూడా తెరవచ్చు. సౌండ్‌ట్రాప్‌లో ఇద్దరూ ఒకే ప్రాజెక్టులో ఒకేసారి ఉండి మార్పులు చేయవచ్చు, ఆన్‌లైన్ డాక్యుమెంట్‌లో ఇద్దరు టైప్ చేసినట్టు. బ్యాండ్‌ల్యాబ్ ఉచితం, ఫ్రెండ్‌ని ప్రాజెక్టులోకి పిలవవచ్చు, ఎవరు సేవ్ చేసినా పాత రూపం పోకుండా వరుసలో ఉంటుంది, నచ్చకపోతే వెనక్కి పోవచ్చు. ఇదొక్కటీ చాలా పెద్ద సుఖం, పెద్ద సాఫ్ట్‌వేర్లలో ఇది లేక ఎన్ని ఫైళ్లు పోగొట్టుకున్నామో.

ఇబ్బంది ఎక్కడంటే, మీ కంప్యూటర్లో ఉన్న సింథ్ ప్లగిన్లు ఇందులోకి రావు, వాళ్లిచ్చిన వాయిద్యాలతోనే సర్దుకోవాలి. సౌండ్ డిజైన్ మీద మోజు ఉన్నవాళ్లు రెండో వారానికే గోడ తగిలినట్టు ఆగిపోతారు. మీ ఇద్దరిలో ఒకళ్లకి ఇదంతా కొత్తైతే మాత్రం ఇక్కడే మొదలుపెట్టండి, మొహమాటం ఏమీ అక్కర్లేదు. మొదటి ట్రాక్ పూర్తవడం ముఖ్యం, పరికరం గొప్పదా కాదా అని ఎవరూ అడగరు. మిక్సింగ్ దశకొచ్చాక ఒక్కో వాయిద్యం ట్రాకునీ విడివిడిగా డౌన్‌లోడ్ చేసుకుని పెద్ద సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోవచ్చు.

వంతులవారీగా, ఇద్దరిదీ ఒకే సాఫ్ట్‌వేర్ అయితే

నాకు ఇష్టమైన పద్ధతి ఇది. మీరు రెండ్రోజులు పనిచేసి పంపుతారు, వాళ్లు రెండ్రోజులు చేసి తిప్పి పంపుతారు. ఇదేం కొత్త కాదు, 2000ల మొదట్లో సియాటిల్‌లో ఒకరు, లాస్ ఏంజెలెస్‌లో ఒకరు ఉండి రికార్డింగులు పోస్టులో అటూ ఇటూ పంపించుకుంటూ ఆల్బమ్ చేశారు. ఆ బ్యాండ్ పేరే ది పోస్టల్ సర్వీస్. మనకి పోస్టు డబ్బా అవసరం లేదు, షేర్ చేసిన ఫోల్డరు ఒకటి చాలు. కాకపోతే ఆ ఫోల్డరుకి తాళం కావాలి (లయ తాళం కాదు, బీరువా తాళం). ఇద్దరూ ఒకేసారి ఒకే ప్రాజెక్ట్ ఫైల్ తెరిచి సేవ్ చేస్తే ఫోల్డర్లో రెండు కాపీలు తయారవుతాయి, ఏది అసలో ఏది కాదో తెలియక ఒకళ్ల పని గంగలో కలుస్తుంది. మేం "తీశా", "పెట్టేశా" అని మెసేజ్ పెట్టుకుంటాం. "పెట్టేశా" రాకుండా రెండోవాళ్లు ఫైల్ ముట్టుకోకూడదు. ప్రతిసారీ ఫైల్ పేరు చివర అంకె పెంచాలి. ఫైనల్, ఫైనల్ కొత్త, అసలు ఫైనల్ లాంటి పేర్లు పెడితే మూడు వారాల తర్వాత మీకే అర్థం కావు.

ఇక ఏ సాఫ్ట్‌వేర్ అన్నది. ఈ పద్ధతిలో ఒక్కోదానికి ఒక్కో మెలిక ఉంది.

ఏబుల్టన్ లైవ్ ఇద్దరి పనికి చాలా అనుకూలం. సెషన్ వ్యూలో లూపులన్నీ గళ్లలో పెట్టుకుని ఏది దేనితో కలుస్తుందో వాయిస్తూనే చూసుకోవచ్చు, ఫ్రెండ్ పంపిన పది ఐడియాలు పాట వరుస చెడకుండా పక్కన పడి ఉంటాయి. పంపేముందు 'కలెక్ట్ ఆల్ అండ్ సేవ్' కొట్టడం మర్చిపోకండి, ఎక్కడెక్కడి ఫోల్డర్లలోనో ఉన్న శాంపిల్స్ (సౌండు ముక్కల ఫైళ్లు) అన్నిటినీ అది ప్రాజెక్ట్ ఫోల్డర్లోకి లాగుతుంది. ఎడిషన్లు చూసుకోవాలి: లైట్‌లో 8 ట్రాకులు, ఇంట్రోలో 16 మాత్రమే, కాబట్టి మీ దగ్గర అన్నిటికంటే పెద్ద ఎడిషన్ స్వీట్ (Suite) ఉండి వాళ్ల దగ్గర లైట్ ఉంటే అది ఒకే సాఫ్ట్‌వేర్ కింద లెక్కకి రాదు. వెర్షన్ కూడా ఒకటే ఉండాలి. లైవ్ 12లో సేవ్ చేసింది 11లో తెరుచుకోదు.

ఎఫ్ఎల్ స్టూడియో బీట్లు కట్టేవాళ్ల సొంతిల్లు, పియానో రోల్ విషయంలో దాన్ని కొట్టింది లేదని నా అభిప్రాయం. ఒకసారి కొంటే తర్వాతి వెర్షన్లన్నీ ఉచితం, అంచేత వెర్షన్ తేడాల గొడవ తక్కువ. కానీ ట్రయల్‌లో సేవ్ చేసిన ప్రాజెక్టు కొనేదాకా మళ్లీ తెరుచుకోదు, వంతులవారీ పనికి అది కుదరని వ్యవహారం. ఇంకోటి, అన్నిటికంటే చవకైన ఫ్రూటీ ఎడిషన్‌లో ఆడియో రికార్డ్ చేయడం ఉండదు, పాత వెర్షన్లలో అయితే ప్లేలిస్టులో ఆడియో క్లిప్పులు పెట్టడం కూడా ఉండేది కాదు. బీట్లు మాత్రమే కట్టుకునేవాళ్లకి అది చిన్న లోటు, గొంతు రికార్డ్ చేసి ఫ్రెండ్‌కి పంపాలనుకునేవాళ్లకి అసలుకే మోసం. కొంటే ప్రొడ్యూసర్ ఎడిషన్ నుంచి చూడండి. పంపేటప్పుడు జిప్ చేసిన లూప్ ప్యాకేజీగా ఎక్స్‌పోర్ట్ చేస్తే శాంపిల్స్ వెంట వస్తాయి.

ఇద్దరిదీ మ్యాక్ అయితే ఎక్కువ ఆలోచించక్కర్లేదు. గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం, దాంట్లో చేసింది లాజిక్ ప్రోలో నేరుగా తెరుచుకుంటుంది. ఒకళ్లు గ్యారేజ్‌బ్యాండ్‌లో ఐడియాలు వేసి, రెండోవాళ్లు లాజిక్‌లో పూర్తిచేసే జోడీలు ఎన్నో ఉన్నాయి. ఇద్దరిలో ఒక్కళ్లది విండోస్ అయినా సరే ఈ దారి మూసుకుపోయినట్టే, లాజిక్ విండోస్‌కి లేదు.

రీపర్ మనస్తత్వమే వేరు. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, డౌన్‌లోడ్ చిన్నది, 60 రోజులు ఏ కోతా లేకుండా వాడి చూడవచ్చు, లైసెన్స్ కూడా మిగతావాటితో పోలిస్తే బాగా చవక. పాత ఎంపీ3 ప్లేయర్ వినాంప్ రాసిన జస్టిన్ ఫ్రాంకెల్ చేతి పని అది. ప్రాజెక్ట్ ఫైల్ మామూలు టెక్స్ట్ ఫైలే, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవవచ్చు. ఇద్దరి కంప్యూటర్లూ వేరు రకాలై, జేబులో పెద్దగా లేకపోతే నేను మొదట చెప్పేది దీని పేరే. అయితే చెప్పుకోదగ్గ సింథ్ వాయిద్యాలు అందులో రావు, బయట తెచ్చుకోవాలి. చూడ్డానికి కూడా కొత్తవాళ్లకి ఆఫీసు ఫారమ్ నింపుతున్నట్టు ఉంటుంది, వారం ఓపిక పట్టాలి.

బిట్‌విగ్ కూడా మూడింట్లోనూ నడుస్తుంది, సౌండ్ డిజైన్ పిచ్చి ఉన్నవాళ్లకి స్వర్గం. మీ ఫ్రెండ్‌కి ఇప్పటికే ఉంటే సరే, లేకపోతే ఇద్దరూ కొత్తగా కొనాల్సినంత కారణం కలిసి పనిచేయడంలో నాకు కనబడలేదు.

సాఫ్ట్‌వేర్ ఒకటే అయినంత మాత్రాన అన్నీ కుదరవు, ప్లగిన్లు కూడా ఒకటే ఉండాలి. నేను ఒకసారి మూడు రాత్రులు కూర్చుని చేసిన లీడ్ (ముందు వినిపించే సింథ్ వరుస) మావాడి దగ్గర తెరిస్తే నిశ్శబ్దం. ట్రాక్ ఉంది, నోట్లు ఉన్నాయి, ఆకుపచ్చ గీత ఎగురుతూనే ఉంది, సౌండ్ లేదు, ఎందుకంటే ఆ సింథ్ వాడి దగ్గర లేదు. అప్పటినుంచి మా ఇద్దరి మధ్య ఒప్పందం: కలిసి చేసే ట్రాకులో ఇద్దరి దగ్గరా ఉన్న సింథ్‌లే వాడాలి. వైటల్, సర్జ్ ఎక్స్‌టీ, పాత ఎఫ్ఎమ్ (రేడియో కాదు, ఒక సింథ్ పద్ధతి) సౌండ్ల కోసం డెక్స్‌డ్, మూడూ డబ్బు పెట్టకుండానే దొరుకుతాయి, ఈ మూడింటితో చేయలేని ఎలక్ట్రానిక్ సౌండు చాలా తక్కువ. కొనుక్కున్న సింథ్ తప్పనిసరి అనిపిస్తే ఆ ట్రాక్‌ని ఫ్రీజ్ చేసి (సౌండ్‌ని ఆడియోగా మార్చి) పంపండి. లైవ్‌లో అయితే ఫ్రీజ్ చేసింది ప్లగిన్ లేని కంప్యూటర్లో కూడా మోగుతుంది, మార్చడానికి మాత్రం వీలుండదు.

వంతులవారీగా, సాఫ్ట్‌వేర్లు వేరైతే

ఒకళ్లు ఎఫ్ఎల్, ఒకళ్లు లాజిక్. నిజానికి ఎక్కువ జోడీల పరిస్థితి ఇదే, ఎవరూ తమకి అలవాటైంది వదలరు, వదలక్కర్లేదు కూడా. ఇక్కడ మారకం సరుకు రెండే: స్టెమ్స్, మిడి. తేడా తెలియనివాళ్లకి చెప్పాలంటే, స్టెమ్ (ఒక్కో వాయిద్యాన్ని విడి ఆడియో ఫైల్‌గా తీసింది) అంటే పాడిన పాట, మిడి అంటే కాగితం మీద రాసిన స్వరం. స్టెమ్‌లో సౌండ్ అలాగే వస్తుంది, కానీ నోటు మార్చలేరు. మిడిలో ఏ నోటు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఎంత గట్టిగా నొక్కారు అన్నది వస్తుంది, సౌండ్ రాదు. 1983లో వేర్వేరు కంపెనీల కీబోర్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి పెట్టుకున్న భాష అది, ఇప్పటికీ ప్రతి సాఫ్ట్‌వేర్‌కీ అర్థమవుతుంది. రెండూ పంపండి. మిడి ఫైల్ కొన్ని కిలోబైట్లే, పంపడానికి పిసినారితనం ఎందుకు.

స్టెమ్స్ తీయడంలో మాత్రం నిదానం కావాలి. ప్రతి ట్రాకూ మొదటి బార్ (మామూలుగా నాలుగు బీట్ల ముక్క) మొదటి బీటు నుంచే మొదలవ్వాలి, ఆ వాయిద్యం మూడో నిమిషంలో ఒక్కసారి మోగేదైనా సరే, ముందంతా నిశ్శబ్దంగా ఉంచి తీయాలి. అప్పుడే ఫ్రెండ్ అన్నిటినీ ఒకేసారి లాగి మొదట్లో పడేస్తే సరిగ్గా కూర్చుంటాయి. చివర రివర్బ్ (గదిలో మోగినట్టుండే తోక) ఆరిపోయేదాకా రెండు బార్లు ఎక్కువ వదలండి. 24 బిట్ వేవ్ ఫైళ్లే, ఎంపీ3 వద్దు. క్వాలిటీ మాట పక్కన పెట్టినా, ఎంపీ3 చేసేటప్పుడు మొదట్లో కొన్ని పదుల మిల్లీసెకన్ల ఖాళీ చేరుతుంది, పాటలో అది తెలియదు, లూపులో మాత్రం ప్రతి చుట్టుకీ తట్టు తగులుతుంది. మాస్టర్ (అన్ని ట్రాకులూ కలిసే చోటు) మీద లిమిటర్ (శబ్దం గీత దాటకుండా నొక్కే ఎఫెక్ట్) ఉంటే ఆపేసి, గరిష్ఠంగా మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఉండేలా తీస్తే అవతలివాళ్లకి పనిచేసుకునే చోటు ఉంటుంది.

సైడ్‌చెయిన్ ఉన్న బాస్ దగ్గర ఒక మెలిక. కిక్ పడ్డప్పుడల్లా బాస్ తగ్గేలా కంప్రెసర్ పెట్టి ఉంటారు కదా, ఆ బాస్‌ని అలాగే పంపితే ఆ ఊపిరి శాశ్వతంగా అందులో ఇమిడిపోతుంది. ఫ్రెండ్ కిక్ ప్యాటర్న్ మార్చారనుకోండి, లేని కిక్ కోసం బాస్ తలొంచుతూ ఉంటుంది. బాస్ రెండు రకాలుగా పంపండి, ఎఫెక్టులతో ఒకటి, పొడిగా ఒకటి. నాకు తెలిసి డ్రమ్స్, బాస్, గొంతు, ఈ మూడింటికి పొడి కాపీ తప్పనిసరి, మిగతావాటికి ఎఫెక్టులతో పంపినా నడుస్తుంది, డిలే (ప్రతిధ్వని ఎఫెక్ట్) సౌండులో భాగమైన సింథ్‌లైతే పొడిగా పంపితే ఉన్న అందం పోతుంది.

సైజు సంగతి. 44.1 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో వేవ్ నిమిషానికి దాదాపు 16 మెగాబైట్లు. నాలుగు నిమిషాల ట్రాక్‌కి ఒక్కో స్టెమ్ 64, పన్నెండు స్టెమ్స్‌కి 760 దాటుతుంది. బాస్, కిక్ మోనోలో తీస్తే ఆ రెండిటి సైజూ సగమవుతుంది. ప్రతిసారీ అన్నీ పంపక్కర్లేదు, మారినవే పంపండి. ఫోల్డర్లో ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ కూడా పడేయండి: టెంపో దశాంశంతో సహా, శ్రుతి, శాంపిల్ రేటు (44.1, 48 కిలోహెర్ట్జ్ లాంటిది), ఈసారి ఏం మార్చారు. మా 120.5 కథ తర్వాత ఆ ఫైల్ లేకుండా వచ్చిన జిప్‌ని నేను తెరవడం మానేశాను.

మధ్యేమార్గం ఒకటి వచ్చింది. 2023లో బిట్‌విగ్, స్టూడియో వన్ చేసిన ప్రీసోనస్ కలిసి డాప్రాజెక్ట్ అనే ఫైల్ రకాన్ని తెచ్చాయి. బిట్‌విగ్, స్టూడియో వన్, తర్వాత క్యూబేస్ 14 దాన్ని తెరుస్తాయి. నోట్లు, ఆడియో, వాల్యూమ్ మార్పులు, ఇద్దరి దగ్గరా ఉంటే ప్లగిన్ సెట్టింగులతో సహా అటు నుంచి ఇటు వస్తాయి, సాఫ్ట్‌వేర్ సొంత వాయిద్యాలు మాత్రం దాటవు. మీ జోడీ ఈ మూడింటిలోనే ఉంటే స్టెమ్స్ కంటే ఇది మేలు.

మరి నేనైతే ఏం తీసుకోమంటాను

ఇద్దరూ కొత్తవాళ్లైతే బ్యాండ్‌ల్యాబ్‌లో రెండు ట్రాకులు పూర్తిచేయండి, ఆ తర్వాత ఆలోచించండి. ఇద్దరివీ మ్యాక్‌లైతే గ్యారేజ్‌బ్యాండ్, లాజిక్. కంప్యూటర్లు వేరై, డబ్బు తక్కువైతే రీపర్, వైటల్. ఇద్దరూ కాస్త ఖర్చు పెట్టగలిగి, ఐడియాలు చాలా ఉండి ఏదీ పూర్తవని జాతి అయితే లైవ్, ఒకే ఎడిషన్. ఒకళ్లు ఇప్పటికే ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌లో చేయి తిరిగి ఉంటే వాళ్లని కదిలించవద్దు, స్టెమ్స్ దారిలోనే పోండి. పరిచయం లేని సాఫ్ట్‌వేర్‌లో తడుముకునే మనిషి దగ్గర కొత్త ఐడియాలు రావు.

ఇంకోటి, ఒకే పద్ధతి పట్టుకుని చివరిదాకా పోవాలని లేదు. మా అనుభవంలో మొదలుపెట్టడానికి ఒకే గది మంచిది, రెండు గంటల్లో పది ముక్కలు పుడతాయి, ఏది బాగుందో ఎదుటివాళ్ల తల ఊపు చూస్తేనే తెలిసిపోతుంది. పూర్తిచేయడానికి వంతులే మంచివి, ఒంటరిగా కూర్చుంటే తప్ప ఎనిమిది బార్ల లూప్‌ని పాటగా సాగదీసే ఓపిక ఎవరికీ రాదు. మిక్సింగ్ మాత్రం ఒక్కళ్లే చేయాలి. ఇద్దరూ ఫేడర్లు (వాల్యూమ్ మీటలు) పట్టుకుంటే ఎవరి వాయిద్యం వాళ్లు పెంచుకుంటూ పోతారు, మేం చేసి చూశాం, చివరికి అంతా గరిష్ఠంలో ఉంది. ఎవరు మిక్స్ చేయాలన్నది ట్రాక్ ట్రాక్‌కీ మార్చుకోండి.

పంపకాలు కూడా మొదట్లోనే ఒక మెసేజ్‌లో రాసేసుకోండి, సగం సగమా, ఇంకేదైనానా, రిలీజ్ ఎవరి పేరున. ఇది రాయడానికి రెండు నిమిషాలు, రాయకపోతే పాట కాస్త పేరు తెచ్చుకున్నాక స్నేహమే పోయే ప్రమాదం.

ఏది ఎంచుకున్నా, అసలు ట్రాక్ మొదలెట్టేముందు ఒక సాయంత్రం పరీక్ష పెట్టుకోండి. ఎనిమిది బార్లు, కిక్, ఒక చప్పట్ల సౌండు, ఒక సింథ్. మీరు పంపండి, వాళ్లు ఒక బాస్ చేర్చి తిప్పి పంపాలి, మీరు మళ్లీ తెరవండి. ఇప్పుడు మీ పాత చప్పట్ల ట్రాకునీ, వాళ్ల దగ్గరినుంచి తిరిగొచ్చిన చప్పట్లనీ ఒకదాని కింద ఒకటి పెట్టి బాగా జూమ్ చేసి చూడండి. ఎనిమిదో బార్‌లో కూడా రెండు గీతలూ ఒకదాని కింద ఒకటి నిటారుగా ఉంటే అసలు ట్రాక్ మొదలుపెట్టేయవచ్చు. జరిగి ఉంటే టెంపో, శాంపిల్ రేటు, ఎంపీ3, ఈ వరుసలో వెతకండి.